అరచేతిలో అస్తమిస్తున్న కోట

వందేళ్లకొకసారి లేస్తుందట ఆ కోట. మనుషుల దుష్టసంకల్పం పండినప్పుడు, పొగమంచును చీల్చుకుని, శిఖరం మీద శిఖరం మోసుకుని, వెన్నెలకు ఎదురుగా నల్లని నిట్టూర్పై నిలబడుతుందట. అప్పుడొక వీరుడు కొరడా పట్టి వస్తాడు. ద్వారాలు దాటి, నేలమాళిగలు దాటి, గడియారపు గోపురమెక్కి, సింహాసనం మీది డ్రాకులాను కూలుస్తాడు. తెల్లవారుజామున ఎదుటి కొండకొమ్మున నిలబడి ఆ రాళ్లన్నీ ధూళిగా రాలిపోవడం చూస్తాడు. 1986లో జపాన్‌లో కొనామి సంస్థ మొదలుపెట్టిన క్యాసిల్‌వేనియా ఆటల పరంపరకు పల్లవి ఇదే. లేవడం, కూలడం, మళ్లీ లేవడం. కథలోని ఆ కోట కోసం కన్నీరు అక్కర్లేదు, దానికి పునర్జన్మ రాసిపెట్టి ఉంది. నా దుఃఖమంతా కథకు వెలుపల కూలుతున్న కోట గురించి. అరచేతిలో ఇమిడిన కోట అది. దానికి వందేళ్ల వరం ఎవరూ ఇవ్వలేదు.

భయాన్ని భవనంగా కట్టడం పడమటి దేశాల పాత విద్య. 1764లో హొరేస్ వాల్పోల్ రాసిన 'ది క్యాసిల్ ఆఫ్ ఒట్రాంటో'లో, పెళ్లినాడే వరుడి మీద ఒక రాక్షస శిరస్త్రాణం పడి అతన్ని నలిపేసింది. ఆ చప్పుడు నుంచే గోథిక్ నవల పుట్టింది. 1897లో బ్రామ్ స్టోకర్, తాను ఎన్నడూ కాలుపెట్టని ట్రాన్సిల్వేనియా కొండల మీద, పుస్తకాల్లో చదివిన దారులు పట్టుకుని, డ్రాకులా దుర్గాన్ని నిలబెట్టాడు. ఆ సాహిత్యంలో మనుషుల కన్నా గోడలకే జ్ఞాపకం ఎక్కువ. వంశాల పాపాలు మెట్ల కింద దాక్కుంటాయి. చనిపోయినవాళ్ల కోరికలు నిలువెత్తు చిత్రపటాల్లోంచి తొంగిచూస్తాయి. ఆ గోడలను కాగితం మీది నుంచి తీసుకొచ్చి మన బొటనవేళ్ల కింద పరిచినవి ఈ ఆటలు. చదువరి ఊహించి ఆగిపోయిన నడవాలో ఆటగాడు అడుగులు వేశాడు. వాల్పోల్ శిరస్త్రాణం ఇక్కడ కాళ్లు మొలిపించుకుని, గొడ్డలెత్తి ఎదురొచ్చింది.

ఇంత కోట ఎంత తెరలో ఇమిడింది! నింటెండో సంస్థ చేతి ఆటయంత్రం గేమ్ బాయ్ అడ్వాన్స్ 2001 మార్చిలో జపాన్‌లో పుట్టింది. రెండు పెన్సిల్ సెల్స్ దాని ప్రాణం. అడ్డంగా 240 చుక్కలు, నిలువుగా 160 చుక్కలు దాని ఆకాశం. 32,768 రంగులు దాని ఐశ్వర్యం. కానీ ఆ ఐశ్వర్యానికి దీపం లేదు. తెర వెనుక వెలుగు పెట్టలేదు. కిటికీ ఇచ్చిన ఎండనో, బల్లమీది లైటు పోసిన కాంతినో తిరిగి మన కళ్లకు అందించడమే దాని పని. ఆ యంత్రంతోపాటే వచ్చిన 'సర్కిల్ ఆఫ్ ది మూన్' ఈ పరంపరలో చీకటి మీద చీకటి పూసిన ఆట. నల్లని గోడల మధ్య నల్లని గబ్బిలాలు, బూడిదరంగు మెట్ల మీద బూడిదరంగు అస్థిపంజరాలు. ఏమీ కనిపించడం లేదని లోకమంతా ఫిర్యాదు చేసింది.

అది లోపమే, కాదనను. కానీ ఎంత అందమైన లోపం! డ్రాకులా మందిరంలోకి వెళ్లాలంటే వెలుగును మనమే మోసుకెళ్లాలి. దీపం కిందికి జరిగి, యంత్రాన్ని అటు వంచి ఇటు వంచి, ఒక మెట్టు మెరిసే కోణం వెతికి, ఆ కోణంలో ఊపిరి బిగబట్టి నిలవాలి. మబ్బు కమ్మితే కోట మాయమయ్యేది. మబ్బు తొలగితే గబ్బిలం మొహం మీదే ఉండేది. ఏ గోథిక్ నవలలోనూ పాఠకుడి గది ఇంతగా కథలో కలిసిపోలేదు. నా చేతిలోని చీకటికి నా గదిలోని దీపమే సూర్యుడైన ఆ సాయంత్రాలను ఏ కొత్త యంత్రమూ నాకు తిరిగి ఇవ్వలేదు.

కనిపించడం లేదన్న ఆ గోడును కొనామి విన్నది. 2002 నాటి 'హార్మొనీ ఆఫ్ డిసొనెన్స్'లో గోడలకు పచ్చలు, కెంపులు అద్దారు. కథానాయకుడు జస్ట్ బెల్మాంట్ చుట్టూ నీలికాంతి అంచు చుట్టి, చీకట్లోనూ కనిపించే దేహమిచ్చారు. 2003లో, మూత పెట్టుకునే కొత్త రూపంలో, తెరకు తనదైన దీపంతో గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీ వచ్చింది. ఆ వసంతంలోనే, మే నెలలో, 'ఆరియా ఆఫ్ సారో' వచ్చింది. మూడేళ్లలో మూడు కోటలు. చీకటి నుంచి రంగుకు, రంగు నుంచి వెలుగుకు ఒక కళ చేసిన ప్రయాణం అది. ఆ మూడో కోటనే నేను గుండెల్లో పెట్టుకున్నాను.

దాని కథలో చంద్రుడు సూర్యుణ్ణి మింగుతాడు. 1999లో డ్రాకులాను శాశ్వతంగా సంహరించి, అతని కోటను సూర్యగ్రహణంలో బంధించారని ఆ ఆట చెబుతుంది. 2035లో జపాన్‌లోని హకుబా దేవాలయానికి గ్రహణం చూడబోయిన సోమా క్రూజ్ అనే యువకుడు, తోడున్న స్నేహితురాలు మీనాతో కలిసి, ఆ నల్లని సూర్యుడిలోకి లాగబడతాడు. కళ్లు తెరిచేసరికి కోట ముంగిట ఉంటాడు. కల్పన ఇంతవరకే. కానీ ఆకాశం ఆ కల్పనకు సాక్ష్యం పలికింది. 1999 ఆగస్టు 11న నిజంగానే సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అది పరాకాష్ఠకు చేరింది డ్రాకులా కోట ఉందని కథ చెప్పిన రొమేనియా నేల మీద. ఆ నీడే పరుగుపరుగున తూర్పుకు వచ్చి, సాయంవేళకు మన శ్రీకాకుళం మీదుగా బంగాళాఖాతంలో దిగిపోయింది. 2035 సెప్టెంబరు 2న మరో సంపూర్ణ గ్రహణం జపాన్ మీదుగానే నడవబోతోంది. కోటను బంధించిన నీడ మన తీరం తాకి వెళ్లిందని తెలిసిన నాటి నుంచి, ఆ ఆట పరాయి దేశపు కథగా నాకు అనిపించడం మానేసింది.

అది పక్కకు జరిగే ఆట. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, పైకి, కిందికి. లోపలికి నడవడం మాత్రం ఉండదు. అయినా లోతు ఉంది. ఆ యంత్రం నేపథ్యాన్ని నాలుగు పొరలుగా పరచగలదు. సోమా ఒక అడుగు వేస్తే దగ్గరి స్తంభం గబగబా వెనక్కి పోతుంది. దాని వెనుక కిటికీల వరుస నింపాదిగా కదులుతుంది. ఇంకా వెనుక కొండలు కదిలీ కదలనట్టు జరుగుతాయి. అన్నిటికన్నా వెనుక చంద్రబింబం కదలదు. ఎంత పరుగెత్తినా కదలదు. రెక్కలొచ్చి ఎగిరినా కదలదు. వేగాల తేడాతో విషాదాన్ని చెప్పిన శిల్పమది. దగ్గరివన్నీ జారిపోతాయి, దూరపుది ఒక్కటే మిగులుతుంది. బతుకు గురించి ఇంతకన్నా నిజం ఏ పొడుగాటి సంభాషణలోనూ నేను వినలేదు.

రండి, ఒకసారి ఆ గదుల్లో నడుద్దాం. ప్రార్థనామందిరంలో రంగుటద్దాల కింద దేవుడు వెళ్లిపోయిన నిశ్శబ్దం. నాట్యమందిరంలో జంటలు జంటలుగా ప్రేతాలు. వాయిద్యాలు ఆగి ఎన్ని శతాబ్దాలైందో తెలియక ఇంకా తిరుగుతూనే ఉంటాయి. లోపలి అంతఃపురంలో పరిచారికలు, యజమాని లేని గదులను ఇంకా శుభ్రం చేస్తూనే ఉంటారు. ఆకాశంలో వేలాడే ఉద్యానవనం ఒకటి ఉంది. గడియారపు గోపురంలో పళ్లచక్రాల మధ్య మెడూసా తలలు అలలు అలలుగా ఈదుతూ వస్తాయి. నేల అడుగున జలాశయంలో నల్లని నీళ్లు. ఒక్కో గది దాటుతుంటే పటంలో ఒక్కో నీలిగడి నిండుతుంది. తలుపు మూసి ఉన్నచోట, గట్టు ఎత్తుగా ఉన్నచోట ఆగిపోతాం. ఎన్నో గదులు తిరిగి, కొత్త శక్తితో మళ్లీ అదే గట్టు దగ్గరికి వస్తాం. ఒకప్పుడు అందని ఎత్తు అప్పుడు అందుతుంది. కోట మారదు, మారేది మనం.

ఆ శక్తులు ఎక్కడివి? అక్కడే ఈ ఆట గుండె ఉంది. సోమా చంపిన ప్రాణి ఆత్మ, అదృష్టం కలిసొస్తే, ఎర్రగానో నీలంగానో పసుపుగానో వెలిగి వచ్చి అతనిలో లీనమవుతుంది. ఎగిరే కవచం ఆత్మ చేరితే గాలిలో ఈకలా దిగుతాడు. ఉండీన్ ఆత్మ చేరితే నీటి మీద నడుస్తాడు. స్కూలా ఆత్మ చేరితే నీటి అడుగుకు దిగే బరువు వస్తుంది. ప్రతి శత్రువూ ఒక విద్య. గెలిచినవాడు ఓడినవాళ్లను లోపల మోసుకుంటూ తిరగక తప్పదు. కోట గ్రంథాల్లో దొరికే సూచనలు చదువుకుని, అగ్నిభూతం, సకుబస్, మహాగబ్బిలం అనే మూడు ఆత్మలను ఒకేసారి ధరించి ప్రతినాయకుడు గ్రాహమ్ జోన్స్‌ను ఓడిస్తే, తెర చీలి నిజం బయటపడుతుంది. అగ్ని విసరడం, రక్తం పీల్చడం, గబ్బిలమై ఎగరడం: ఈ మూడూ ఎవరి శక్తులు? సోమా ఎవరు? ఇంతసేపూ ఏ ప్రభువును కూల్చాలని గది గదీ వెతికామో, ఆ ప్రభువే అతను. డ్రాకులా మళ్లీ పుట్టిన దేహం అతనిది. మన బొటనవేళ్లు నడిపించింది అతన్నే.

అయ్యో సోమా! పాపమేదీ ఎరగని వయసులో పూర్వజన్మ పాపాలన్నీ ఒక్క క్షణంలో నెత్తిన పడిన పిల్లవాడా! బెల్మాంట్ వంశపు జూలియస్ నీ ఎదుట కొరడా దించినప్పుడు, నువ్వు ప్రాణభిక్ష అడగలేదు. నేను ఓడి డ్రాకులానైపోతే నన్ను చంపెయ్యమని మాట తీసుకున్నావు. ఆఖరి యుద్ధంలో ఆటగాడు ఓడిపోతే ఆ మాట నెరవేర్చడానికి జూలియస్ సింహాసనం ముందుకు వస్తాడు. ఒక ఆటలో ఓటమికి ఇంత గాంభీర్యం ఇచ్చినవాళ్లకు నా నమస్కారం.

అసలు ఆ కోటను కట్టింది పాపమా, శోకమా? 1997లో ప్లేస్టేషన్‌కు వచ్చిన 'సింఫనీ ఆఫ్ ది నైట్' దీనికి జవాబిస్తుంది. డ్రాకులా భార్య లీసా. జనానికి మందులిచ్చి ప్రాణాలు కాపాడిన మనిషి. ఆమెను మంత్రగత్తె అని చంపారు. మనుషులను ద్వేషించవద్దని కొడుకు అలుకార్డ్‌కు చెప్పి ప్రాణం విడిచింది. కొడుకు ఆ మాట నిలుపుకున్నాడు, తండ్రి నిలుపుకోలేకపోయాడు. 2035 నాటి కథలో గెన్యా అరికాడో అన్న మారుపేరుతో సోమాకు దారి చూపేది ఆ కొడుకే. తండ్రి మళ్లీ తండ్రి కాకుండా కాపాడుతున్నాడు. కన్నీళ్లు గడ్డకట్టి గోడలైన కోట అది. అందుకే దానిలో నడుస్తుంటే భయం కన్నా జాలి ఎక్కువ వేస్తుంది.

ఆ జాలికి గొంతునిచ్చింది సంగీత దర్శకురాలు మిచిరు యమానె. 'సింఫనీ'లో పియానోను, తీగవాద్యాలను, చర్చి ఆర్గన్‌ను నిండుగా పలికించిన ఆమెకు, 'ఆరియా'లో తన సహచరులతోపాటు దక్కింది ఎంత చిన్న గొంతు! రెండు డిజిటల్ ధ్వని మార్గాలు, పాత గేమ్ బాయ్ నుంచి వారసత్వంగా వచ్చిన నాలుగు నాదాలు, ఒక్క చిన్న స్పీకర్. ఆ ఇరుకులోంచే, సన్నని బుసతో, గరగరతో, పదునైన శోకం పలికింది. అయామి కొజిమా గీసిన ముఖాలేమో పాలిపోయిన చర్మం, వాలిన రెప్పలు, నలుపులో మునిగిన బంగారం. మరణాన్ని అలంకరించి కూర్చోబెట్టిన ముఖాలు. ఆమె కుంచె, ఈమె స్వరం, వెనుక నిర్మాత కోజి ఇగరాషి పట్టుదల. ఆ ముగ్గురి కూడలిలో ఒక చిన్న తెర మహాకావ్యమైంది.

ఇప్పుడు ఆ కూడలి ఏది? ఇగరాషి చేతి మీదుగా చేతి యంత్రానికి వచ్చిన చివరి కోట 'ఆర్డర్ ఆఫ్ ఎక్లేసియా' 2008 నాటిది. ఆ ఏడాదే యమానె కొనామిని వీడింది. 2014లో ఇగరాషి వీడాడు. మరుసటి ఏడాది అభిమానుల ముందు చేయి చాస్తే వాళ్లు 55 లక్షల డాలర్లకు పైగా చందాలిచ్చారు. ఆ సొమ్ముతో 2019లో వచ్చిన 'బ్లడ్‌స్టెయిన్డ్'కు యమానె మళ్లీ స్వరమిచ్చింది. కళను ప్రేమించేవాళ్లకు కొదవ లేదనడానికి అదే రుజువు. కొదవ ఉన్నది కాపాడేవాళ్లకే.

యంత్రాలు వృద్ధాప్యంలో పడ్డాయి. మరిచిపోయి లోపలే వదిలేసిన సెల్స్ కారి లోహపు పట్టీలను తినేస్తాయి. పాత గేమ్ బాయ్ కార్ట్రిడ్జ్‌లలో చాలావాటికి ఆట జ్ఞాపకాన్ని నిలిపేది లోపలి చిన్న బిళ్ల బ్యాటరీ. అది చచ్చిపోతే మనం తిరిగిన గదులన్నీ, నింపిన పటమంతా ఒక్క రాత్రిలో తుడుచుకుపోతాయి. వస్తువు పోయినా డిజిటల్ అంగడి ఉంటుందని నమ్మితే, 2023 మార్చి 27న నింటెండో తన 3డీఎస్, వీయూ యంత్రాల ఆన్‌లైన్ దుకాణంలో అమ్మకాలు ఆపేసింది. అక్కడ మాత్రమే దొరికే ఆటలు ఎన్నో ఆ రాత్రితో కొనేవాళ్లకు అందకుండా పోయాయి. అదే ఏడాది వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తీసింది. అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో నూటికి 87 అప్పటికే కొనడానికి దొరకడం లేదు. గేమ్ బాయ్ కుటుంబంలోనైతే అప్పటికి దొరికేవి నూటికి ఆరు కూడా లేవు. కనీసం గ్రంథాలయాలు ఈ పాత ఆటలను పరిశోధకులకు దూరం నుంచి చూపించే వీలివ్వమని అడిగితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కాదన్నది.

ఈ బాధ మనకు తెలియనిది కాదు. 1921లో రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కుమారుడు ప్రకాశ్ కలిసి తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ప్రింటు ఇవాళ ఎక్కడా లేదు. తెలుగు సినిమా తన పుట్టుకను తాను చూసుకోలేదు. ఆ రోజు ఆ రీళ్లను ఎవరూ పగబట్టి కాల్చలేదు. ఇవి కూడా దాచవలసినవేనా అని ఎవరికీ తోచలేదు, అంతే. ఒక కళను చంపడానికి శత్రువు అక్కర్లేదు. వినోదమే కదా అన్న చిన్నచూపు చాలు. నాటి సినిమాను చూసిన చూపుతోనే ఇవాళ మనం ఆటలను చూస్తున్నాం.

న్యాయం కూడా చెప్పాలి. కొనామి 2021లో అడ్వాన్స్ కలెక్షన్ పేరుతో ఆ మూడు చేతి కోటలనూ, 2024లో డొమినస్ కలెక్షన్ పేరుతో నింటెండో డీఎస్ నాటి మూడింటినీ కొత్త యంత్రాలకు తెచ్చింది. సంతోషించాను, కొన్నాను, మళ్లీ నడిచాను. తెర ధగధగలాడింది. ఏ దీపం కిందికీ జరగనక్కర్లేదు. కానీ ఇద్దరు స్నేహితులు రెండు యంత్రాలను తీగతో కలుపుకుని, తమకు దొరికిన ఆత్మలను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్న ఆ పక్కపక్క కూర్చోవడం ఆ వెలుగులో లేదు. అంతకన్నా పెద్ద బాధ, పేరున్న కోటలకే ఈ పునరుద్ధరణ. పేరు లేని వేల ఆటలకు, మూతపడిన చిన్న సంస్థల ఆటలకు, హక్కులు ఎవరివో తేలక నలిగిపోతున్న ఆటలకు మళ్లీ పొద్దు పొడవదు. అవి చెత్తకుప్పల్లో, తడి అరల్లో, ఎవరూ తెరవని అట్టపెట్టెల్లో చివరి చుక్క విద్యుత్తు కోసం ఎదురుచూస్తున్నాయి.

నా మాట స్పష్టంగా చెబుతాను. ఆట కూడా కావ్యమే. దానికి చిత్రకారులున్నారు, సంగీతకారులున్నారు, కథకులున్నారు, కాలమున్నది, లోపమున్నది, ఆ లోపంలోంచి పుట్టిన అందమున్నది. కావ్యాన్ని తాళపత్రాల మీది నుంచి కాపాడుకున్న జాతికి దీన్ని కాపాడుకోవడం తెలియదంటే నేను నమ్మను. విశ్వవిద్యాలయాలూ గ్రంథాలయాలూ పుస్తకాల పక్కన ఈ యంత్రాలకూ ఒక అర కేటాయించాలి. సినిమా పాఠం చెప్పే చోట ఆట పాఠం కూడా చెప్పాలి. మన దగ్గర ఆటలు తయారుచేస్తున్న కుర్రవాళ్లు తాము చేసినదాని ప్రతిని, పనిపుస్తకాలను, గీసిపారేసిన బొమ్మలను మొదటి రోజు నుంచే దాచుకోవాలి.

ఇక మీకు. అటక మీదో, బీరువా అడుగునో, పాత సూట్‌కేసులోనో ఒక చేతి ఆటయంత్రం మీ ఇంట్లో ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని కిందికి దించండి. ముందు లోపలి సెల్స్ తీసేయండి. పొడిగుడ్డతో తుడవండి. కొత్త సెల్స్ వేసి, పనిచేస్తే మీ ఇంటి పిల్లల పక్కన కూర్చుని ఆడించండి, అది ఏ ఏడాదిదో, ఎవరు చేశారో చెప్పండి. పనిచేయకపోతే బాగుచేసేవాళ్లను వెతకండి. మీకు అక్కర్లేకపోతే అక్కర ఉన్నవాళ్లకు ఇవ్వండి. పారేయకండి.